కిలోమీటరు రోడ్డుకు 450 కిలోల నూనె

మన ఊరి మీదుగా పోయే రెండు వరసల రోడ్డును ఒక్క కిలోమీటరు మేర కొలిచి చూద్దాం. వెడల్పు 7 మీటర్లు. పైన కొత్తగా వేసే పొర మందం 40 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు ఒకటిన్నర అంగుళం. మూడింటినీ గుణిస్తే 280 ఘనపు మీటర్లు వస్తుంది. రోలరు కింద బాగా అణిగిన పొర ఘనపు మీటరుకు దాదాపు 2.4 టన్నులు తూగుతుంది. కాబట్టి కిలోమీటరుకు పట్టే మాలు 672 టన్నులు. 20 టన్నుల టిప్పర్లకు ఎత్తితే 34 లోడ్లు.

ఇందులో తారు ఎంత? 30-40 మిల్లీమీటర్ల మందంతో వేసే ఇలాంటి పై పొరలో బరువు లెక్కన కనీసం 5.4 శాతం ఉండాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్దేశం. ఆ లెక్కన 36 టన్నుల చిల్లర. మిగతా 636 టన్నులూ కంకర, రాతి పొడే. నల్లగా కనబడుతుంది కాబట్టి తారు రోడ్డు అనేస్తాం. బరువు చూస్తే రాతి రోడ్డు అనాలి. ఆ రాళ్లను ఒకదానికొకటి పట్టి ఉంచే జిగురు తారు.

కోస్తాలో తారంటాం, తెలంగాణలో డాంబరంటారు. రెండు మాటలూ ఒకప్పుడు బొగ్గు నుంచి తీసే పాత సరుకుకు వాడినవే. ఇప్పుడు రోడ్లకు వాడేది ముడిచమురును శుద్ధి చేశాక అట్టడుగున మిగిలే బిటుమెన్. పేరు పాతదే ఉండిపోయింది, సరుకు మారింది. 2023-24లో మన దేశం వాడిన బిటుమెన్ 88 లక్షల టన్నులు. అందులో దాదాపు సగం ఓడల్లో బయటి దేశాల నుంచి దిగింది. దానికి ఏటా 25 వేల నుంచి 30 వేల కోట్ల రూపాయలు పోతున్నాయని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ చెప్పారు.

ఈ అంకెలు విన్న ఎవరికైనా తట్టే మొదటి ఆలోచన ఒకటే: చమురు తారు మానేసి మొక్కల నూనెతో జిగురు చేసుకోలేమా? చేయవచ్చు. ఫ్రాన్సులో కోలాస్ కంపెనీ 2004 ప్రాంతంలో 'వెజెకోల్' పేరుతో మొక్కల సరుకుతో తయారైన జిగురును తెచ్చింది. లేత రంగులో ఉంటుంది కాబట్టి కాలిబాటలకూ తోటల్లో దారులకూ బాగుంటుంది. కానీ మన కిలోమీటరుకు ఆ లెక్క వేసి చూడండి. మన దేశంలో సోయా హెక్టారుకు సుమారు ఒక టన్ను పండుతుంది. గింజలో నూనె 18 శాతం. అంటే హెక్టారుకు 180 కిలోలు. 36 టన్నుల నూనె కావాలంటే 200 హెక్టార్ల పంట, మన కొలతలో దాదాపు 500 ఎకరాలు. ఒక ఊరి ఆయకట్టు మొత్తం పండించి గానుగాడిస్తే, పక్క ఊరికి పోయే దారిలో ఒక్క కిలోమీటరు పూర్తవుతుంది.

పైగా మనం తినే నూనెలో సగానికి మించి దిగుమతే. ఏటా 1.6 కోట్ల టన్నుల దాకా పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలు రేవుల్లో దిగుతున్నాయి. కూరలో పోపుకు చాలని నూనెను తారుకు బదులు రోడ్డు మీద పోయాలనడం నాకు ఏ కోశానా సమంజసంగా తోచదు. తారు స్థానంలో నూనె అనే ఆలోచన ఈ లెక్క దగ్గరే ఆగిపోతుంది. నూనె చేయగల అసలు పని వేరే ఉంది, అదీ చాలా తక్కువ నూనెతో.

వేసవిలో తారు కాలికి అంటుకుంటే మన ఇళ్లలో ఏం చేసేవారో గుర్తుందా? నీళ్లతో, సబ్బుతో రుద్దితే కదలదు. రెండు చుక్కల కొబ్బరినూనె వేసి గుడ్డతో తుడిస్తే కరిగి వచ్చేస్తుంది. తారూ నూనే రెండూ నీటిని దగ్గరికి రానివ్వని జాతివి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అమ్మమ్మలకు తెలిసిన ఈ సంగతే ఇప్పుడు రోడ్డు ప్రయోగశాలల్లో పరిశోధన అయింది.

బిటుమెన్‌లో పలచని నూనెల్లాంటి భాగాలు ఉంటాయి, జిగట రెజిన్లు ఉంటాయి, ఆస్ఫాల్టీన్లు అనే బరువైన గట్టి రేణువులు ఉంటాయి. ప్లాంటులో 160 డిగ్రీల వేడి తగిలినప్పటి నుంచీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎండలోనూ, గాలిలోని ఆక్సిజన్ దీన్ని మారుస్తూ ఉంటుంది. పలచని భాగాలు తగ్గుతాయి, ఆస్ఫాల్టీన్లు పెరుగుతాయి. జిగురు పెళుసెక్కుతుంది. దీన్ని కొలిచే పరీక్ష చాలా సూటిగా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర, 100 గ్రాముల బరువుతో, 5 సెకన్లలో ఒక సూది తారులోకి ఎంత దిగుతుందో చూస్తారు. కొలత మిల్లీమీటరులో పదోవంతుల్లో. మన రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 రకం కొత్త తారులో ఇది కనీసం 45 ఉండాలని భారత ప్రమాణం, అంటే నాలుగున్నర మిల్లీమీటర్లు. ఏళ్లు గడిచిన రోడ్డు నుంచి తీసిన తారులో సూది రెండు మిల్లీమీటర్లు దిగడం కూడా కష్టమే. అలాంటి జిగురు బండి బరువుకు వంగలేదు, పగులుతుంది. ఆ పగుళ్లలోకి వాన నీరు దిగాక గుంత పడడానికి ఎన్నాళ్లో పట్టదు.

ఈ ముసలి తారులో కొద్దిగా మొక్కల నూనె కలిపితే సూది మళ్లీ లోపలికి దిగుతుంది. ఈ పనికి వాడే సరుకును ఇంజినీర్లు రెజువనేటర్ అంటారు. ఒక్క మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఆక్సిజన్ చేసిన మార్పును నూనె వెనక్కి తిప్పదు. గట్టి రేణువుల మధ్య పలచని భాగాన్ని పెంచి వాటికి కదలిక ఇస్తుంది, అంతే. కానీ రోడ్డుకు కావలసిందీ ఆ కదలికే.

ఇప్పుడు మన కిలోమీటరును మళ్లీ లెక్కిద్దాం. పాత పొరను యంత్రంతో గీకి తీస్తే వచ్చే నల్లని ముక్కలను ర్యాప్ అంటారు. కొత్త మాలులో 30 శాతం ఈ పాత సరుకే వేశామనుకుందాం. 672 టన్నుల్లో 30 శాతం అంటే 202 టన్నులు. అందులో 4.5 శాతం పాత తారు ఉందనుకుంటే 9 టన్నులు. దానికి 5 శాతం నూనె చాలనుకుంటే 450 కిలోలు. ఈ మోతాదు పాత తారు ఎంత గట్టిపడిందన్న దాన్ని బట్టి 2 నుంచి 10 శాతం మధ్య మారుతుంది. 450 కిలోలంటే 490 లీటర్లు, కిరాణా కొట్లో కనబడే 15 లీటర్ల డబ్బాల్లో చెప్పాలంటే 33 డబ్బాలు.

33 డబ్బాల నూనెకు మనకు మిగిలేవి 9 టన్నుల తారు, 190 టన్నులకు పైగా కంకర. కిలో నూనెకు 20 కిలోల తారు. 500 ఎకరాల సోయాతో మొదలైన లెక్క రెండున్నర హెక్టార్ల పంటకు, అంటే ఆరెకరాలకు దిగింది. తారు టన్ను 50 వేల రూపాయలనుకుంటే 4.5 లక్షలు మిగులు, నూనె కిలో 100 రూపాయలనుకుంటే 45 వేలు ఖర్చు. గీకే యంత్రం అద్దె, జల్లెడ పట్టడం, అదనపు పరీక్షలు ఈ మిగులులో కొంత తింటాయి. పాత తారు మొత్తం కొత్త జిగురులో కలిసిపోదు, కొంత రాయిని అంటిపెట్టుకుని మూగగా ఉండిపోతుంది. ఈ తగ్గింపులన్నీ వేసుకున్నా లెక్క మన వైపే ఉంటుంది. మిగిలిన కంకర పది టిప్పర్ల లోడు. ఆ మేరకు ఏదో ఒక గుట్ట మీద పేలుడు తగ్గుతుంది, ఆ పక్క ఊరి ఇళ్ల మీద దుమ్ము తగ్గుతుంది.

డబ్బు కంటే నన్ను ఎక్కువగా కదిలించే లెక్క మరొకటి ఉంది. మన పట్టణాల్లో పాత రోడ్డును గీకకుండా దాని మీదే కొత్త పొర పరుస్తూ పోతారు. ఒక్కోసారి 40 మిల్లీమీటర్లు. ఐదుసార్లు వేస్తే 200 మిల్లీమీటర్లు, ఎనిమిది అంగుళాలు. గడప ఎత్తు అంతే కదా. ఒకప్పుడు రోడ్డు మీంచి రెండు మెట్లెక్కి లోపలికి వెళ్లిన ఇళ్లలోకి ఇప్పుడు దిగి వెళ్లాల్సి వస్తున్న వీధులు మీ ఊళ్లోనూ ఉండి ఉంటాయి. పెద్ద వాన పడితే మురుగు నేరుగా వంటింట్లోకి వస్తుంది. గోనె సంచుల్లో ఇసుక నింపి వాకిట్లో అడ్డుపెట్టుకునే కుటుంబాలకు రోడ్డు వేయడం అభివృద్ధిలా కనబడదు. పాత పొరను గీకి అదే సరుకును తిరిగి వాడితే గడప గడపగానే ఉంటుంది. పాత ముక్కలకు విలువ ఉందని తేలితేనే గుత్తేదారు వాటిని గీకే శ్రమ తీసుకుంటాడు. ఆ విలువ తెచ్చేది 33 డబ్బాల నూనె.

అమెరికాలో ఇది అలవాటైన పని. 2021లో అక్కడి కొత్త తారు మిశ్రమాల్లో కలిపిన పాత సరుకు 8.5 కోట్ల మెట్రిక్ టన్నులకు పైమాటే, సగటున మిశ్రమంలో దాదాపు 22 శాతం. నూనె రెజువనేటర్లకు అక్కడ పెద్ద కంపెనీలే ఉన్నాయి. పైన్ కర్రతో కాగితం చేసేటప్పుడు తేలే నూనెతో చేసేవి కొన్ని, గింజల నూనెతో చేసేవి కొన్ని. సోయా దండిగా పండే అయోవా రాష్ట్రంలో, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ కోక్రన్, క్రిస్టోఫర్ విలియమ్స్ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఓలిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే సోయా నూనెను రసాయన చర్యతో పొడవాటి గొలుసు అణువులుగా మార్చి తారులో కలిపారు. మెత్తదనంతో పాటు సాగే గుణం కూడా రావాలని. దాన్ని 2018లో అలబామాలోని ఎన్‌క్యాట్ పరీక్షా మార్గంలో వేసి చూశారు. 2.7 కిలోమీటర్ల ఆ అండాకారపు దారిలో బరువు లారీలు అదే పనిగా తిరుగుతూ, ఒక్కో విడతలో కోటి ప్రామాణిక ఇరుసుల భారం మోపుతాయి. ఏళ్ల తరబడి పడే దెబ్బలు రెండేళ్లలో పడతాయన్నమాట.

కానీ అయోవా ఫలితాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి రామగుండంలో పరచలేం. వాళ్ల బెడద చలి. గడ్డకట్టే శీతాకాలంలో తారు పగలకుండా ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. మన బెడద మే నెల. గాలి ఉష్ణోగ్రత నుంచి రోడ్డు ఉష్ణోగ్రతను అంచనా వేయడానికి అమెరికా సూపర్‌పేవ్ పద్ధతిలో ఒక సూత్రం ఉంది. అందులో రామగుండం అక్షాంశం, వరుసగా వారం రోజులు 45 డిగ్రీల ఎండ అని వేస్తే, రోడ్డు పైభాగం నుంచి 20 మిల్లీమీటర్ల లోపల 67 డిగ్రీలు వస్తుంది. వీజీ-30 తారు మెత్తబడే స్థానం ప్రమాణం ప్రకారం కనీసం 47. అంటే ఆ మధ్యాహ్నాల్లో రోడ్డును నిలబెట్టేది ప్రధానంగా కంకర పట్టు. అలాంటి చోట నూనె ఒక పాలు ఎక్కువైతే బస్సులు ఆగే చోట, సిగ్నళ్ల దగ్గర, చెరకు లారీలు పోయే దారుల్లో చక్రాల వెంట కాలువలు పడతాయి. మన దగ్గర నూనె పని పాత తారును తిరిగి వీజీ-30 స్థాయికి, బరువు బళ్ల దారుల్లో ఇంకాస్త గట్టి రకమైన వీజీ-40 స్థాయికి తేవడం వరకే. అంతకు మించి మెత్తబరిస్తే మంచి చేయబోయి చెడగొట్టినట్టే. ఈ కారణంగానే నూనె కొత్త తారులో కలపడం కన్నా ఎండకు గట్టిపడ్డ పాత తారులో కలపడమే మన వాతావరణానికి సరిపోతుందని నా నమ్మకం.

ఏ నూనె అన్నది తర్వాతి ప్రశ్న. పొయ్యి వెనక గోడ మీద పోపు చిమ్మి చిమ్మి పసుపు పచ్చని జిగురు పొర కడుతుంది చూడండి, ఎంత తోమినా పోదు. నూనె అణువుల్లోని జంట బంధాలు గాలితో కలిసి గట్టిపడడం వల్ల వచ్చేది అది. అయోడిన్ విలువ అనే అంకె ఈ గుణాన్ని చెబుతుంది. కొబ్బరినూనెకు 10 లోపు, పామాయిల్‌కు 50 ప్రాంతం, ఆముదానికి 82-90, సోయాకు 120-140, అవిసె నూనెకు 170 పైన. అవిసె నూనెను తలుపుల రంగుల్లో కలిపేది త్వరగా ఆరి గట్టిపడుతుందనే. రోడ్డుకు ఆ గుణమే ముప్పు. మొదటి ఏడాది మెత్తగా ఉన్న తారు తర్వాత మరింత పెళుసెక్కవచ్చు. అయోవాలో వాడినలాంటి ఓలిక్ ఆమ్లం ఎక్కువ ఉన్న నూనెతో ఈ ముప్పు తక్కువ, ఆ ఆమ్లంలో జంట బంధం ఒక్కటే ఉంటుంది.

తినని నూనెల్లో మనకు తెలిసినవి ఆముదం, కానుగ, వేప. ప్రపంచంలో పండే ఆముదంలో 80 శాతానికి పైగా మన దేశానిదే. పాలమూరు, నల్లగొండ మెట్ట రైతులకు అది తాతల నాటి పంట. కానీ దానికి రసాయన పరిశ్రమలో ఇప్పటికే మంచి ధర ఉంది, చౌకగా రోడ్డు దాకా రాదు. కానుగ గింజలో నూనె 30 శాతం దాకా ఉంటుంది, చెట్లు రోడ్ల పక్కనే నీడనిస్తూ నిలబడి ఉన్నాయి. కాయలు ఏరి గానుగకు చేర్చే ఏర్పాటు లేక నేల పాలవుతున్నాయి.

వీటన్నిటి కన్నా దగ్గరగా ఉన్నది బజ్జీల బండి మూకుడులో మిగిలిన నూనె. వేయించిన కొద్దీ నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదని 2018 జులై 1 నుంచి ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ నిబంధన అమల్లో ఉంది. అదే ఏడాది 'రూకో' పథకం మొదలుపెడుతూ, దేశంలో 220 కోట్ల లీటర్ల వాడిన నూనెను బయోడీజిల్ కోసం రాబట్టవచ్చని ఆ సంస్థ అంచనా కట్టింది. ఇప్పుడు దేశం మొత్తానికి లెక్క చూడండి. 88 లక్షల టన్నుల తారులో పావు వంతు పాత రోడ్ల నుంచే తీసుకున్నామనుకుందాం. 22 లక్షల టన్నులు. దానికి 5 శాతం నూనె 1.1 లక్షల టన్నులు, లీటర్లలో 12 కోట్లు. 220 కోట్లలో ఇది ఐదున్నర శాతం. బయోడీజిల్‌కు పోతే లీటరు నూనె ఇంచుమించు లీటరు డీజిల్‌ను తప్పిస్తుంది. రోడ్డుకు వస్తే కిలో నూనె 20 కిలోల తారును లేపుతుంది. ఆ ఐదున్నర శాతాన్ని రోడ్డుకు ఇవ్వమని అడగడానికి నాకు ఈ పోలిక చాలు. పైగా నల్లబడ్డ నూనె మళ్లీ చిన్న హోటళ్లకు చేరి పేదవాడి కడుపులోకి పోకుండా మరో దారి దొరుకుతుంది.

వాడిన నూనెలో నీరు, మాడిన మెతుకులు, విడిపడ్డ కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఈ ఆమ్లాలు తారుకూ రాయికీ మధ్య పట్టును సడలిస్తాయి. మన దగ్గర కంకర ఎక్కువగా గ్రానైట్ జాతిది, దానికి ముందే తారు కంటే నీటి మీద మక్కువ ఎక్కువ. వాన కాలంలో రాయి నుంచి తారు పొర ఊడి వచ్చేది అందుకే. కాబట్టి వడకట్టి, ఆమ్లం తగ్గించి, పరీక్షించిన నూనెనే వాడాలి. నీట నానబెట్టిన నమూనా బలం పొడి నమూనా బలంలో కనీసం 80 శాతం ఉండాలన్న నిర్దేశం ఎలాగూ ఉంది. చాలకపోతే కంకర మొత్తం బరువులో 2 శాతం పొడి సున్నం కలపాలని కూడా ఉంది. ఈ పరీక్ష చేయకుండా ఎవరో డబ్బాల కొద్దీ నూనె పోసి పర్యావరణ రోడ్డు అని బోర్డు పెడితే, మొదటి వానకే అసలు ఆలోచనకే చెడ్డపేరు వస్తుంది. నా భయం అదే.

మన దేశంలో నూనె ఇప్పటికే ఒక చోట పని చేసి చూపింది, మనం ఊహించని చోట. అరుణాచల్ ప్రదేశ్‌లో 13 వేల అడుగుల ఎత్తున ఉన్న సేలా సొరంగం దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ వేసిన రోడ్డులో 'రెజుపేవ్' అనే జీవ నూనె ఆధారిత పదార్థం వాడారు. కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సి.ఆర్.ఆర్.ఐ. తయారు చేసింది. మామూలుగా ప్లాంటు నుంచి ఆ ఎత్తుకు చేరేలోపే చలికి మాలు గట్టిపడిపోతుంది. ఈ పదార్థం కలిపితే వేడి చేయాల్సిన ఉష్ణోగ్రత 30-40 డిగ్రీలు తగ్గుతుంది. మన కిలోమీటరుకు ఆ 30 డిగ్రీల విలువ కట్టవచ్చు. టన్ను కంకరను 30 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 27 మెగాజౌళ్లు కావాలి. 672 టన్నులకు 18 వేల మెగాజౌళ్లు, డీజిల్ లెక్కన 500 లీటర్లు. పొగ గొట్టం నష్టాలు దీనికి అదనం. రోడ్డు పనిలో రేక్ పట్టుకుని ఆ పొగలోనే నిలబడే కూలీల ముఖాలకు తగిలే వేడి తగ్గడం ఏ లీటర్లలోనూ తేలదు.

2024 డిసెంబరు 21న నాగపూర్ దగ్గర మన్‌సర్‌లో ప్రారంభించిన జీవ బిటుమెన్ రహదారి ముక్కను ఈ కోవలో కలపకూడదు. అది మొక్కల నూనెతో కాకుండా, మొక్కల కాండంలో ఉండే లిగ్నిన్‌తో చేసింది. అయినా మనకు పరాయిది కాదు, అదే 44వ నంబరు జాతీయ రహదారి ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి పోతుంది.

ఇక మిగిలింది ఆ పాత ముక్కల కుప్ప. దాన్ని ప్లాంటులో నేరుగా మంట ముందు పోస్తే అందులోని తారు కాలి పొగలేస్తుంది. అందుకని కొత్త కంకరను బాగా ఎక్కువ వేడి చేసి, ఆ వేడితో పాత ముక్కలను వేడెక్కిస్తారు. 30 శాతం పాత సరుకు 30 డిగ్రీల దగ్గర పొడిగా ఉంటే, మొత్తం 150కి రావడానికి కొత్త కంకర 200 డిగ్రీలకు చేరాలి. అదే కుప్ప వానలో తడిసి 4 శాతం నీరు పట్టిందంటే, 250 డిగ్రీలకు చేరాలి. మన కిలోమీటరుకు కావలసిన 202 టన్నుల్లో ఆ నీరు 8 టన్నులు. దాన్ని ఆవిరి చేయడానికి కాలే డీజిల్ కనీసం 580 లీటర్లు. మనం కలిపిన నూనె మొత్తం 490 లీటర్లే.

టెండరులో నూనె గురించి ఒక షరతు రాసే అధికారి, దాని కింద ఇంకో షరతు కూడా రాయాలి: పాత ముక్కల కుప్ప మీద రేకుల షెడ్డు.